మూడో టేబులు, చేపల పులుసు 1

నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో ఒక మెస్సు. ఈమధ్యే సప్లయర్ల చేతుల్లో చీటీ పుస్తకాలు పోయి ఫోన్లు వచ్చాయి. ఆర్డరు నొక్కితే కౌంటర్లో బిల్లు, వంటింట్లో ప్రింటరు చీటీ. ఫోన్లో ప్రోగ్రాము ఒక కంపెనీది, బిల్లుది ఇంకో కంపెనీది, ప్రింటరు భాష వేరు. వీటి మధ్య కబుర్లు మోసేదాన్ని మిడిల్‌వేర్ అంటారట. చెన్నైలో మా బామ్మర్ది ఉద్యోగం అదే.

ఇద్దరం కూర్చుని ఒక పులుసు చెప్పాం. వచ్చింది. నూనె తేలి, మామిడికాయ ముక్క మెత్తగా ఉడికి, చూస్తేనే నోరూరుతోంది. ముద్ద కలిపే లోపల ఇంకో ప్లేటు వచ్చింది. తర్వాత మరోటి. కాసేపటికి మంచినీళ్ల గ్లాసు కుర్చీలోకి మారింది.

"కంప్యూటర్లో ఒక ప్లేటే ఉండాది!" అని ఓనరు వంటింట్లోకి ఉరికాడు. మాస్టరు చీటీల తోరణం చూపించాడు. అన్నిట్లో ఒకటే రాత: మూడో టేబులు, చేపల పులుసు 1.

"ఒక టేబులుకి ఇన్నెందుకని అడగబళ్లేదా?"

"మిషను చెప్పింది చెయ్, ఎదురడగొద్దన్నది ఎవురన్నా?"

ముల్లు తీసుకుంటూ బామ్మర్ది తీర్పు చెప్పాడు. "ఇద్దరి లెక్కా కరెక్టేనండీ. ప్రింటరు నించి 'ముట్టింది' అని జవాబొస్తేనే మిడిల్‌వేర్ ఆర్డరుని వరసలోంచి తీసేస్తుంది. మీ వైఫైలో చీటీ వస్తోంది, జవాబు పోవట్లేదు. ఆర్డరు పోగొట్టడం కంటే మళ్లీ పంపడమే నయమనుకుంటుంది. ఆర్డరుకో నంబరిచ్చి, అదే నంబరు మళ్లీ వస్తే పారేసేట్టు రాసుంటే సరిపోయేది."

"కొత్త సరుకా అబ్బయా?"

"1968లో జర్మనీలో నాటో వాళ్లు సాఫ్ట్‌వేర్ మీద సమావేశం పెట్టారు. ఆ రిపోర్టులోనే దీని పేరుంది."

"అంత సర్వీసుండి ఒక ప్లేటు లెక్క తెలీదా దానికి!"

అంటూనే ప్రింటరు వైరు పీకేశాడు. "ఆపితే పోవండీ, వరసలోనే కూర్చోనుంటాయి" అని బామ్మర్ది అన్నాడు గానీ, నోట్లో చేప ఉండటంతో ఓనరుకి ఆ మాట ముట్టలేదు.

మా పులుసు తెగక, దాని వెనకున్న ఆర్డర్లు ఒక్కటీ కదల్లేదు. ఆకలికి ఆగలేక జనం ఒక్కో టేబులూ లేచి ఎదురు హోటల్‌కి నడిచారు. చివరికి వైఫై సరిచేసి వైరు పెట్టారు. ప్రింటరు గొంతు సవరించుకుని, ఒక్క ఆర్డరూ వదలకుండా, ఖాళీ టేబుళ్లన్నిటికీ వరసగా చీటీలు కొట్టడం మొదలుపెట్టింది. మాస్టరు మాత్రం మాట మీద నిలబడ్డాడు. ఎదురడక్కుండా బాణలి ఎక్కించాడు.