మరలు కుదిరినంత మాత్రాన ఫ్యాన్ స్విచ్ సరిపోయినట్టు కాదు

ఎండలు ముదిరినప్పటి నుంచి నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో పాత కార్లున్నవారి ఫోన్లలో, రేడియేటర్ నీళ్లు వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను తిప్పే స్విచ్ గురించి ఒక సలహా తిరుగుతోంది. "రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ పోతే మరలు పట్టే ఏ స్విచ్ అయినా బిగించండి. కప్లర్ (స్విచ్‌కు వైర్లను కలిపే ప్లగ్గు) కుదరకపోతే దాన్ని కోసేసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టండి. ఏ వైరు ఎటు పెట్టినా ఒకటే. మన ఎండలకు తక్కువ డిగ్రీలది ఇంకా మంచిది" అన్నది దాని సారాంశం.

వైర్లు ఎటు పెట్టినా ఒకటే అన్న మాట రెండు పిన్నుల స్విచ్ వరకు నిజమే. వేడికి వంగే లోహపు బిళ్ల ఆ రెండు పిన్నులనూ కలపడం తప్ప అందులో ఇంకేమీ లేదు. మూడు పిన్నులది రెండు వేగాల ఫ్యాన్‌కు సంబంధించినది కాబట్టి, అందులో ఉమ్మడి పిన్ను ఏదో మల్టీమీటర్‌తో చూసుకోకుండా కలపరాదు. ఒకే పిన్ను ఉన్న స్విచ్ తన ఒంటి ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది. దాని స్థానంలో రెండు పిన్నులది వేస్తే రెండో పిన్నుకు విడిగా ఎర్త్ వైరు లాగవలసిందే.

మరల సంగతికి వస్తే, 22 మిల్లీమీటర్ల మరతో వేర్వేరు డిగ్రీల స్విచ్‌లు ఎన్నో దొరుకుతాయి. డ్యాష్‌బోర్డు మీద వేడి చూపే మీటరు ముల్లుకు సంకేతమిచ్చే సెన్సర్‌ను స్విచ్ అనుకొని తెచ్చుకునేవారూ ఉన్నారు. వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గించుకునే ఆ సెన్సర్ రిలేను, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే విద్యుదయస్కాంత స్విచ్‌ను, లాగలేదు. అంతకన్నా పెద్ద ప్రమాదం కరెంటుతో ఉంది. రిలే చుట్టకు పావు ఆంపియరు చాలు, ఫ్యాన్ మోటారుకు 10 ఆంపియర్లు దాటవచ్చు. రిలే కోసం చేసిన స్విచ్‌ను నేరుగా ఫ్యాన్ కరెంటు వెళ్లే పాత వైరింగ్‌లో పెడితే, దాని కాంటాక్టులు కాలిపోతాయి, లేదా అతుక్కుపోయి ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. అటువంటి బండిలో ఒక రిలే అమర్చి, స్విచ్‌ను దాని చుట్ట పిన్నులైన 85, 86 వైపు, ఫ్యాన్‌ను ఫ్యూజుతో సహా దాని కాంటాక్టు పిన్నులైన 30, 87 వైపు ఉంచడమే సరైన పద్ధతి.

ఇక మెలిపెట్టి టేపు చుట్టడం. ఇంజన్ వేడికి టేపు జిగురు కారిపోతుంది, కుదుపులకు మెలి వదులవుతుంది, ఆపైన మన ఉప్పుగాలి ఎలాగూ ఉంది. కృష్ణపట్నం దారిలో రోజూ తిరిగే నా బండిలో అటువంటి అతుకును విప్పి చూస్తే రాగి పచ్చబడి పొడిగా రాలింది. అసలు కప్లర్‌ను కోయవలసిన అవసరమే లేదు. జానెడు వైరుకు ఒక కొసన కొత్త స్విచ్‌కు పట్టే కప్లర్‌ను, రెండో కొసన పాత కప్లర్‌లో దూరే పిన్నులను ప్లయర్‌తో నొక్కి బిగించి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వేస్తే సరిపోతుంది. రేపు అసలు స్విచ్ దొరికితే ఆ ముక్కను ఊడదీస్తే చాలు, కంపెనీ వైరింగ్ చెక్కుచెదరదు.

తక్కువ డిగ్రీల స్విచ్‌తో ఇంజన్ చల్లబడుతుందన్నది భ్రమ. ఇంజన్ నీళ్లు కనీసం ఎంత వేడిలో ఉండాలో థర్మోస్టాట్ (వేడెక్కాకే తెరుచుకొని నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటం) నిర్ణయిస్తుంది. అది 88 డిగ్రీల వద్ద తెరుచుకునేదైతే 82 డిగ్రీల స్విచ్ వల్ల ఫ్యాన్ ఎక్కువసేపు తిరగడమే మిగులుతుంది. స్విచ్ ఇంజన్ వైపు బిగించి ఉన్న బండ్లలో ఫ్యాన్ ఆగనే ఆగదు. మూత ఒత్తిడి నిలుపుతున్నంత కాలం రేడియేటర్ నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు కాబట్టి, పాత స్విచ్ మీద 95-84 అని (95 డిగ్రీల వద్ద కలిసి, 84 వద్ద విడిపోయేదని) ఉంటే అదే అంకెలున్నది తెచ్చుకొని, బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరు, మల్టీమీటరు పెట్టి అది ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో చూసుకోవాలి.