కొత్త వంగడం

ధరలున్నాయి, రోడ్లున్నాయి, కరెంటు బిల్లులున్నాయి. దేశానికి ఇంతకన్నా పెద్ద సమస్యలు ఉన్నాయని నాకూ తెలుసు. అయినా మేడ మీద ఆరు కుండీలు పెట్టుకుని, నాలుగు చలికాలాలు నడుం వంచి, ఒక కొత్త రకం వేలాడే పెటూనియాను పుట్టించిన పౌరుడికి ఇప్పటిదాకా ఒక్క శాలువా కూడా అందలేదంటే ప్రజాస్వామ్యం ఎటు పోతోందని అడగక తప్పదు. మా కాలనీలో అరవయ్యేళ్లు నిండినందుకే ఇద్దరికి సన్మానం జరిగింది. అందులో వాళ్లు చేసిన కృషి ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

పెటూనియా అంటే, చలికాలంలో కడియం నర్సరీల ముందు నల్ల కవర్లలో బారులు తీరి ఉంటుందే, సన్నాయి మూతిలా విచ్చుకునే పువ్వు, అది. పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి తూపీ భాషలో 'పెటున్' అంటే పొగాకు. పేరు ఊరికే రాలేదు, పొగాకుకి ఇది దగ్గర చుట్టం. వంకాయ, టమాటా, మిరప, బంగాళాదుంప, ఉమ్మెత్త అన్నీ ఒకే ఇంటిపేరు వాళ్లు. వాళ్లలో మిరప, పొగాకు గుంటూరు వైపు స్థిరపడి బాగా సంపాదించుకున్నాయి. వంకాయ పెళ్లి భోజనాల్లో పేరు తెచ్చుకుంది. ఉమ్మెత్త ఎంత చెడ్డపేరు తెచ్చుకున్నా శివుడి దగ్గర చోటు దక్కించుకుంది. పెటూనియా మాత్రం ఏ పనీ చేయదు. కూరకి రాదు, పూజకి రాదు, జడలోకి రాదు. చూడ్డానికి బాగుంటుంది, అంతే. ప్రతి ఉమ్మడి కుటుంబంలోనూ ఇలాంటి బావమరిది ఒకడుంటాడు.

తెలుగులో 'వంగడం' అనే మాటకి రెండర్థాలు. ఒకటి విత్తన రకం. రెండోది ఉద్యోగం చేసినవాళ్లందరికీ తెలుసు. వేలాడే పెటూనియా దగ్గరికి వచ్చేసరికి ఈ రెండర్థాలూ ఒకటైపోయాయి. మామూలు పెటూనియా నిటారుగా, గుబురుగా పెరుగుతుంది. దాన్ని నేను ముప్పై రూపాయలకి తెచ్చాను. పక్కనే ఇంకో మొక్క కుండీ అంచు దాటి కిందికి జారి ఉంది. "అది హ్యాంగింగ్ అండీ, నూట ఇరవై" అన్నాడు నర్సరీ కుర్రాడు. అదే పువ్వు, అదే మట్టి, అదే కవరు. నిటారుగా నిలబడ్డవాడికి ఇంక్రిమెంటు ఆగిపోవడం, వంగినవాడికి ప్రమోషన్ రావడం ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో కళ్లారా చూసినవాణ్ణి. మొక్కల్లోనూ ఇదే పద్ధతి ఉందని రిటైరయ్యాక తెలిసింది.

మరి ఈ పువ్వుకి ఇంత వినయం నేర్పింది ఎవరు? ఏ ఋషో, ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయమో అనుకుంటారు. కాదు. మద్యం కంపెనీలు. జపాన్‌లో విస్కీ చేసే సంటోరీ వాళ్లు 1989లో 'సర్ఫీనియా' అనే వేలాడే పెటూనియాను మార్కెట్లోకి తెచ్చారు. అదే దేశంలో బీరు చేసే కిరిన్ వాళ్ల దగ్గర పుట్టిన 'పర్పుల్ వేవ్' 1995లో అమెరికాలో ఆల్ అమెరికా సెలెక్షన్స్ అవార్డు కొట్టింది. అది నేల మీద పాకితే ఎత్తు జానెడు కూడా ఉండదు, వెడల్పు మాత్రం మూడు నాలుగు అడుగులు. ఇందులో వింతేముంది? నిటారుగా వచ్చినవాడు కాసేపటికి ఎలా ఒరుగుతాడో, ఎటు జారుతాడో ఆ కంపెనీలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది! మన దగ్గర ఆ వ్యాపారంలో డబ్బు చేసుకున్నవాళ్లు పూల జోలికి పోరు. వాళ్లు నేరుగా ఎన్నికల్లోకి దిగుతారు.

ఇక నా కృషి విషయానికొస్తాను. పత్రికలవారు ఇక్కడినుంచి నోట్ చేసుకోవచ్చు.

తోటల్లో పెరిగే పెటూనియా అంతా 19వ శతాబ్దంలో యూరప్‌లో జరిగిన ఒక సంబంధం వల్ల పుట్టింది. తెల్ల పూల అడవి రకానికి, ఊదా పూల అడవి రకానికి పెళ్లి చేశారు. నేనూ అదే పద్ధతిలో వెళ్లాను. వేలాడే తెల్లది ఒకటి, నిటారుగా ఉండే ఊదాది ఒకటి. మొగ్గ రేపు విచ్చుకుంటుందనగా ఈ రోజే దాన్ని నిలువునా చీల్చి, లోపలున్న ఐదు కేసరాల తలలు తీసేయాలి. ఆలస్యమైతే వాటి పుప్పొడి అక్కడే రాలి, మన ప్రమేయం లేకుండా పని జరిగిపోతుంది. దీనికి కావలసిన పరికరం మా ఆవిడ కనుబొమ్మలు తీర్చుకునే ట్వీజర్. అది ఎక్కడికి పోయిందని ఇంట్లో మూడు వారాలు వెతుకులాట జరిగింది. నేనూ వెతికాను, సైన్సు కోసం. తర్వాత మనవడి వాటర్ కలర్ బ్రష్షుతో రెండో పువ్వు పుప్పొడి అద్ది, మొగ్గకి ఎర్ర దారం కట్టాను. పై నుంచి చూసిన పక్కింటి పిన్నిగారు "దిష్టి తగలకుండానా?" అని అడిగారు. శాస్త్రవేత్తలను సమాజం అపార్థం చేసుకోవడం ఇవాళ్టిది కాదు కాబట్టి ఊరుకున్నాను.

నెల తిరిగేసరికి కాయ ఎండింది. పెటూనియా విత్తనం ఎంతుంటుందో చూడనివాళ్లకి చెప్పడం కష్టం. గ్రాముకి పది వేల దాకా తూగుతాయి. ఆవగింజ దాని పక్కన గుమ్మడికాయలా ఉంటుంది. కాయ చిదిపి తెల్ల కాగితం మీద దులిపాను. ముక్కుపొడి రంగులో చిటికెడు దుమ్ము, ఒక తరం మొత్తం. అప్పుడు మా అల్లుడు గదిలోకి వచ్చి, "ఇంత ఉక్కలో ఎలా కూర్చున్నారు మావయ్యగారూ" అని ఫ్యాన్ వేశాడు.

అల్లుణ్ణి ఏమీ అనలేం. ఆ తరం అంతా ఇప్పటికీ మా సోఫా కింద ఉంది.

మళ్లీ చలికాలం, మళ్లీ ట్వీజర్. రెండోసారి ఫ్యాన్ స్విచ్ మీద ప్లాస్టర్ అంటించాను. వెలుతురు తగిలితేనే ఆ గింజ మొలుస్తుంది కాబట్టి పైన మట్టి కప్పకూడదు. కప్పకపోతే చీమలు. చీమలకి పసుపు చల్లితే ఇంట్లో పూజా మొదలెట్టారా అని ప్రశ్నలు. మొలిచినవి అన్నీ ఊదా రంగే. తెల్ల తల్లి పోలిక ఒక్కదానికీ రాలేదు. రెండో తరానికి పోతే గాని దాచుకున్నవి బయటపడవు. మన ఇళ్లలోనూ అంతే, తాతగారి కోపం మనవడిలో కనిపిస్తుంది.

ఇక్కడ పెద్ద శాస్త్రవేత్తల అనుభవం ఒకటి గుర్తు చేసుకుని ధైర్యం తెచ్చుకున్నాను. 1990లో అమెరికాలో రిచర్డ్ జోర్గెన్‌సెన్ అనే ఆయన, ఆయన బృందం పెటూనియాకి ముదురు ఊదా రంగు తెద్దామని, రంగు పుట్టించే జన్యువుని ఇంకోటి అదనంగా ఎక్కించారు. చాలా మొక్కలకి పూలు పూర్తి తెల్లగానో, తెల్ల మచ్చలతోనో పూశాయి. రంగు జన్యువు రెండింతలైతే రంగే మాయమైంది! వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని మనం నవ్వి వదిలేసేవాళ్లం. వాళ్లు ఆ కోతి ఎందుకు వచ్చిందా అని తవ్వారు. అదనపు జన్యువుని చూసి మొక్క తన సొంత జన్యువు నోరు కూడా నొక్కేసిందని తేలింది. జన్యువుల నోరు నొక్కే ఈ విద్యనే తర్వాత పురుగుల్లో విడమరిచి చూపించిన ఇద్దరికి 2006లో నోబెల్ వచ్చింది. పెటూనియాకి ఏమీ రాలేదు. నా శాలువా సంగతి ఇప్పుడు అర్థమైందా?

ఇంకో పెటూనియా గతి మరీ ఘోరం. జర్మనీలో కొలోన్ నగరంలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు మొక్కజొన్న జన్యువు ఒకటి పెటూనియాలో పెట్టి, దానికి లేని ఇటుక రంగు తెప్పించారు. 1987లో ప్రకటించారు. అందరూ మర్చిపోయారు. 2015లో ఫిన్లాండ్‌లో టేము టేరి అనే మొక్కల శాస్త్రవేత్తకి హెల్సింకి రైల్వే స్టేషన్ దగ్గర తొట్టెల్లో నారింజ రంగు పెటూనియాలు కనిపించాయి. మామూలు మనిషి అయితే సెల్ఫీ తీసుకుని వెళ్లేవాడు. ఆయనకి ఆ పాత ప్రయోగం గుర్తొచ్చింది. నమూనా తెచ్చి ల్యాబ్‌లో చూస్తే లోపల మొక్కజొన్న ఉంది! ముప్పై ఏళ్ల క్రితం ల్యాబ్‌లో ఉన్న జన్యువు ఎవరి చేతుల మీదుగానో మార్కెట్లోకి వచ్చేసింది, ఏ అనుమతీ లేకుండా. 2017లో యూరప్, అమెరికా దేశాల్లో అలాంటి పెటూనియాలన్నీ నాశనం చేయమని ఉత్తర్వులు. మనిషికి, పర్యావరణానికి ప్రమాదం ఉన్నట్టు ఆధారమేమీ లేదని చెబుతూనే, కాల్చండి, పాతిపెట్టండి అన్నారు. ఆధార్ లేదని పింఛను ఆపేసినట్టే. మనిషి ఎదురుగా ఉంటాడు, కాగితం ఉండదు.

నా మొక్క దగ్గర కాగితం ఉండాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఎందుకంటే నాలుగో చలికాలంలో అది వచ్చింది. మూడడుగులు కిందికి జారే కొమ్మలు, ముదురు ఊదా పువ్వు, అంచు చుట్టూ పంచెకి కట్టినట్టు సన్నటి తెల్లంచు. పదిహేడు మొక్కల్లో ఒక్కటి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు నిలబడితే నాకే నమస్కారం పెట్టుకోవాలనిపించింది.

2001లో మన దేశం మొక్కల వంగడాల రక్షణ, రైతుల హక్కుల చట్టం చేసుకుంది. చదివాను. కొత్త వంగడానికి హక్కు కావాలంటే అది కొత్తదై ఉండటమే కాదు, విశిష్టత, ఏకరూపత, స్థిరత్వం కూడా నిరూపించుకోవాలి. అంటే ఎవరిలానూ ఉండకూడదు, తమలో తాము ఒకేలా ఉండాలి, తరం మారినా మారకూడదు. ఈ మూడు పరీక్షల్లో పాసయ్యే కుటుంబం మా బంధువుల్లో ఒక్కటీ లేదు. చెట్లకి, తీగలకి హక్కు 18 ఏళ్లు, మిగతా పంటలకి 15 ఏళ్లు. వేలాడే పెటూనియా తీగ కిందికి వస్తుందా రాదా? ఆ మూడేళ్ల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లడానికి సిద్ధమయ్యాను. పేరు పెట్టడానికీ నియమాలున్నాయి. ఒట్టి అంకెలు ఉండకూడదు, ఎవరి మతపరమైన మనోభావాలూ దెబ్బతినకూడదు. మా అత్తగారి పేరు పెడదామని మా ఆవిడ, మా అమ్మ పేరు పెడదామని నేను. ఈ రకం మనోభావాల గురించి చట్టం ఏమీ చెప్పలేదు.

అమెరికాలో మొట్టమొదటి మొక్క పేటెంటు 1931లో 'న్యూ డాన్' అనే పాకే గులాబీకి ఇచ్చారు. బోసెన్‌బెర్గ్ అనే ఆయన దాన్ని పుట్టించలేదు, పాత గులాబీ మీద తనంతట తానే వచ్చిన మార్పుని గమనించాడు, అంతే. ట్వీజర్ లేదు, ఫ్యాన్ లేదు, అల్లుడు లేడు. గమనించినందుకే పేటెంటు! ఇలా హక్కులున్న మొక్కలకి అక్కడ చీటీ కట్టి అమ్ముతారు: కొమ్మ కోసి పెంచడం నిషేధం. ఆ చీటీ మన కాలనీల్లో ఎన్నాళ్లు నిలుస్తుందో ఊహించుకోండి. మన దగ్గర పువ్వుని అడిగి కోసుకుంటారు, కొమ్మని అడక్కుండా తుంచుకుంటారు. మనీ ప్లాంటు అయితే దొంగతనంగా తెచ్చుకుంటేనే కలిసొస్తుందని శాస్త్రం. ఏ శాస్త్రమని అడక్కండి, ఆచారం. ప్రపంచంలోని వంగడ హక్కుల లాయర్లంతా కలిసి వచ్చినా, సాయంత్రం వాకింగ్‌కి వెళ్లి చీర కొంగులో మూడు కొమ్మలతో తిరిగొచ్చే తెలుగు ఇల్లాలి ముందు నిలబడలేరు.

పక్కింటి పిన్నిగారికి డెబ్బై రెండేళ్లు. జనవరిలో ఒకరోజు మా మేడ మీద వడియాలు పెట్టుకోవడానికి వచ్చారు, వాళ్ల మేడ మీద కోతులట. వెళ్లాక చూస్తే నా మొక్కకి ఒక కొమ్మ చివర తాజాగా తెగి ఉంది. నేను అనుమానించలేదు. పిన్నిగార్ని అనుమానించేంత వయసు నాకు రాలేదు. ఫిబ్రవరి ఎండకి నా మొక్క అంచు తెలుపు చెదిరిపోయి, స్థిరత్వం అన్న పరీక్ష అక్కడే ఫెయిలైంది. మార్చిలో నేను మోతాదుకి మించి వేసిన ఎరువుకి మొక్కే పోయింది. ఆ పక్క రోజే చట్టంలో రైతు అంటే ఎవరో మళ్లీ చదివాను. స్వయంగా సాగు చేసేవాడు, లేదా వేరేవాళ్లు చేస్తుంటే నేరుగా పర్యవేక్షించేవాడు. మా ఇంట్లో నీళ్లు పోసేది మా ఆవిడ, పేపరు చదువుతూ పర్యవేక్షించేది నేను. కాబట్టి నేను రైతునే. కానీ ఆ లెక్కన పిన్నిగారూ రైతే. రైతుకి విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే, పంచుకునే హక్కు ఉందని అదే చట్టం 39వ సెక్షన్. అడక్కుండా తుంచుకోవడం పంచుకోవడం కిందికి వస్తుందా అని ఒక వకీలు మిత్రుణ్ణి అడిగితే, ఫోన్ పెట్టేశాడు.

ఈ నవంబరులో పిట్టగోడ మీద ఏదో ఊదాగా కనిపించి వెళ్లి చూశాను. పాత పెయింటు డబ్బా, దాని నిండా నా మొక్క. బియ్యం కడిగిన నీళ్లు తప్ప ఇంకేమీ ఎరగని మొక్క, గోడ దాటి మా వైపు మూడడుగులు వేలాడుతోంది. అంచున తెలుపు గీత గీసినట్టుంది. వీధిలో అందరూ దాన్ని 'పిన్నిగారి పూలు' అంటున్నారట.

నిన్న చీకటి పడ్డాక, మా ఆవిడ సీరియల్లో ఉండగా, ట్వీజర్ జేబులో పెట్టుకుని మేడెక్కాను. నా వైపు వేలాడిన కొమ్మలో ఒకటి పట్టుకున్నాను. గోడ అవతలి నుంచి పిన్నిగారి గొంతు వినిపించింది.

"అలా చివర తుంచితే బతకదు అబ్బాయ్. కణుపు కింద కోసుకో. ఇంకో రెండు కూడా తీసుకెళ్లు, నీ చేతిలో ఏదీ ఉండదు కదా."