సకాలంలో చనిపోని చిత్రకారుడు

చిత్రకారుడు చేయగల నేరాల్లో ఘోరమైనది నకళ్లు వేయడం కాదు, బతికుండటం. ఇటలీ చిత్రకారుడు జార్జో డి కిరికో ఈ నేరం తొంభయ్యేళ్లు నిండేదాకా చేశాడు. 1888లో పుట్టి 1978లో పోయాడు. అదే 1918లో పోయుంటే మచ్చలేని మేధావిగా మిగిలిపోయేవాడు.

అప్పటిదాకా ఆయన నడవడిక బాగానే ఉండేది. మనిషి జాడలేని కూడళ్లు, సాయంత్రపు బారెడు నీడలు, ముఖం లేని దర్జీ బొమ్మలు. కనిపించేదాని వెనకున్న వింతను చూపే ఈ తీరుకు మెటాఫిజికల్ పెయింటింగ్ అని పేరూ వచ్చింది. అవి చూసి ఫ్రెంచి రచయిత ఆంద్రే బ్రెటన్ లాంటి కాబోయే సర్రియలిస్టులకు, అంటే కలల లోకాన్ని కళలోకి తెచ్చినవాళ్లకు, మతులు పోయాయి. ఇంతలో 1919లో ఈయన, చేతిపని మళ్లీ నేర్చుకోవాలోయ్ అని వ్యాసం రాశాడు. రాసి ఊరుకున్నాడా? మ్యూజియంలో కూర్చుని పాత ఇటలీ మాస్టర్లకు నకళ్లు తీశాడు. ఆ తర్వాత గుర్రాలు, పళ్ల బుట్టలు వచ్చాయి. 1940ల్లోనైతే పదిహేడో శతాబ్దపు ప్రభువులా ముస్తాబై తన బొమ్మ తనే వేసుకున్నాడు. విప్లవకారుడు ఇలా పట్టుబట్టలు కట్టుకుంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? పాత బొమ్మల్ని నెత్తిన పెట్టుకున్న బ్రెటనే, వేసినవాణ్ణి మాత్రం దుమ్మెత్తిపోశాడు.

నిజానికి పాపం, డి కిరికో అంత మర్యాదస్తుడు అరుదు. 1924లో కవి పాల్ ఎల్యువార్ భార్య గాలా, ఈయన తొలినాళ్లలో వేసిన ‘కలవరపెట్టే కళాదేవతలు’ బొమ్మ మీద మనసు పడింది. అసలుది వేరొకరి దగ్గరుంది. అయితే ఏం, వెయ్యి లీరాలిస్తే అచ్చం అలాంటిదే వేసిస్తానని ఈయన ఉత్తరం రాశాడు. పైగా నిజాయితీగా లోపం కూడా ముందే చెప్పాడు: మరింత మేలైన సరుకుతో, మరింత నేర్పుగా వేసి ఉండటమే దాని లోపమట! ఏ దుకాణదారుడు చెబుతాడండీ ఇంత నిజం?

మీ కొత్త బొమ్మలు మాకొద్దు, పాతవే కావాలి అని జనం పట్టుబడితే ఏం చేయాలి? పాతవే కొత్తగా వేశాడు. ఒక్క ‘కళాదేవతల’కే 1945 నుంచి 1962 దాకా పద్దెనిమిది నకళ్లు లెక్క తేలాయి. ఇంకొన్ని బొమ్మల మీద పాత తేదీలూ వేశాడు. అడిగిన తేదీ వేసివ్వడం తప్పయితే, బొమ్మ కంటే ముందు తేదీ చూసే కొనుగోలుదార్లను ఏమనాలి? మాస్ట్రో డి కిరికోగారి మంచం నేలకు ఆరడుగుల ఎత్తున ఉంటుందని ఇటలీ వ్యాపారులు నవ్వుకునేవారు. ఆయనకు ఎప్పటికప్పుడు ‘దొరికే’ తొలినాళ్ల బొమ్మలన్నీ దాని కిందే పట్టాలి కదా! ఇది చాలదన్నట్టు, తాను నిజంగా వేసిన పాత బొమ్మల్ని చూపించి ఇవి నకిలీవని కూడా కొన్నిసార్లు కొట్టిపారేశాడు. పద్దు సరిచూసుకోవాలి మరి.

1982లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టారు, ఎక్కువగా తొలినాళ్ల పనే. ఆ ప్రదర్శన పుస్తకంలో వరసగా అచ్చువేసిన ‘కళాదేవతల’ నకళ్లు చూసి, అమెరికా పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ ముచ్చటపడ్డాడు. అదే బొమ్మను ఒకే కాన్వాసు మీద నాలుగేసి సార్లు అచ్చుగుద్దాడు. వార్హోల్ చేస్తే భావన, డి కిరికో చేస్తే బుకాయింపు. తేడా ఎక్కడుందంటారా? వార్హోల్ అమాయకంగా 1982 అని అసలు తేదీయే వేసుకున్నాడు. డి కిరికో పోయి అప్పటికి నాలుగేళ్లయింది, లేకపోతే పక్కన నిలబడి 1917 అని దిద్దించేవాడు.