చేట అన్నందుకు సున్నా వేస్తారా?

శనివారం మధ్యాహ్నం నుంచి నాకు అన్నం సయించడం లేదు. మా తమ్ముడి కూతురు బుజ్జి బడి సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. బొమ్మ చూసి ఒడియాలో పేరు చెప్పాల్సిన పరీక్ష అది. 40 బొమ్మలు, ఒక్కోదాని పక్కన టిక్కో ఇంటూ గుర్తో. అడుగున ఎర్ర సిరాతో 16/40. దాని కింద రెండు వాక్యాలు: "పదజాలం వయసుకు తగినంత లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడటం తగ్గించండి." తండ్రి సంతకం పెట్టి సోమవారం తిరిగి పంపాలని ఆజ్ఞ.

తెలుగు తగ్గించాలా? ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇల్లు నాలుగు తరాల నాటిది. ఆ ఇంట్లో మా అమ్మ తన మనవరాలితో ఏ భాషలో మాట్లాడాలో బడి నిర్ణయిస్తుందా?

ఆ 40 బొమ్మల్లో ఒకటి చేట. బుజ్జి "చేట" అంది. ఇంటూ. ఒడియాలో "కులా" అనాలి. ఇంకొకటి కత్తిపీట. ఆ బొమ్మ చూసి బడిలో ఏం చేసిందో ఇంట్లో నా ముందు మళ్లీ చేసి చూపించింది. నేల మీద చతికిలబడి, ఒక కాలు మడిచి, ఇంకో కాలితో పీటను తొక్కిపట్టి, రెండు చేతులతో వంకాయ పట్టుకుని ముందుకు నెట్టింది. అచ్చం మా అమ్మే. వేలు తెగకుండా కాయను ఎలా తిప్పాలో కూడా చేసింది. ఆరేళ్ల పిల్లకు కత్తిపీట గురించి ఇంతకన్నా ఏం తెలియాలి? దానికీ ఇంటూ. ఎందుకంటే ఒడియాలో దాన్ని "పనికి" అంటారు, అది ఆ పిల్ల నోట రాలేదు. ఎలా వస్తుంది? మా వంటింట్లో ఆ మాట ఎవరూ అనరు. బడిలో కత్తిపీట ఉండదు.

ఆదివారం పొద్దున అదే కాగితం ముందు పెట్టుకుని నేనే కూర్చున్నాను. ఒడియాలో పేర్లు చెప్పమంటే బడిలో వచ్చిన 16 మాటలే వచ్చాయి. తెలుగులో అడిగితే 31 చెప్పింది. రెండు భాషల్లోనూ తెలిసినవి 9. అంటే కనీసం ఒక భాషలో పేరు తెలిసిన బొమ్మలు 38. తెలియనివి లంగరు, ఇగ్లూ. ఆ తర్వాత నేనే ఒడియా మాట చెప్పి, బొమ్మ చూపించమన్నాను. 16 కాదు, 25 చూపించింది. నోటితో పలకలేకపోయిన తొమ్మిది మాటలు విని గుర్తుపట్టింది. ఇదంతా చేయడానికి నాకు ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంట కేటాయించని వాళ్లు మా పిల్లకు పదజాలం లేదని రాశారు.

ఇలా లెక్కించడం నేను కల్పించింది కాదు. పీబాడీ బొమ్మల పదజాల పరీక్ష 1959 నాటిది. నాలుగు బొమ్మలు ముందు పెట్టి మాట చెబితే పిల్లలు సరైన బొమ్మ చూపించాలి. అంటే విని అర్థం చేసుకోవడాన్ని కొలుస్తుంది. పేరు చెప్పించడం వేరే కొలత. ఆ రెండింటినీ ఒకే గంపలో వేయకూడదని ఈ విషయం చదివిన వాళ్లందరికీ తెలుసు. ఆ పరీక్షకు మొదట అమెరికాలోని నాష్విల్ ప్రాంతపు తెల్లజాతి పిల్లల మార్కులనే ప్రమాణంగా తీసుకున్నారు. అది అందరికీ సరిపోదని తెలిశాక, 1981 నాటి సవరణలో దేశం నలుమూలల పిల్లలనూ చేర్చారు. వాళ్లు దిద్దుకున్నారు. మనం మాత్రం దిద్దుకోం.

రెండు భాషల పిల్లల సంగతి 1993లోనే తేలింది. బార్బరా పియర్సన్, ఆమె సహచరులు మయామీలో ఇంగ్లిషు, స్పానిష్ రెండూ వింటూ పెరిగే 25 మంది పసివాళ్ల మాటలను, ఒకే భాష వినే 35 మంది మాటలతో పోల్చారు. రెండు భాషల మాటలూ కలిపి లెక్కిస్తే, రెండు భాషల పిల్లలు వెనకబడ్డారని చెప్పడానికి ఆధారం దొరకలేదు. 2010లో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 3 నుంచి 10 ఏళ్ల వయసున్న 1,738 మందిని చూసింది. రెండు భాషల పిల్లలకు ఇంగ్లిషు మాటలు సగటున తక్కువే. కానీ ఆ లోటు ఎక్కువగా ఉన్నది ఇంటి మాటల్లో. బడి మాటల్లో దాదాపు సమానం. మా బుజ్జి కాగితం చూడండి, అదే కథ. చేట, కత్తిపీట, రోలు, ఉట్టి పోయాయి. బడిలో విన్నవన్నీ ఒడియాలో గడగడ చెప్పింది. సుద్దముక్కను "ఖడి" అంది. పిల్లలు వరుసగా నిలబడిన బొమ్మకు "ధాడి" అంది. దానికి తెలుగు మాట అడిగితే తెల్లబోయింది. వరస అంటే దానికి తెలిసింది బావ వరస, అత్త వరసే!

ఇంకొక మాట. ఈ పిల్ల ఒడియా బడిలో చేరి ఏడాది కాలేదు. కెనడాలో వలస పిల్లలను గమనించిన జిమ్ కమ్మిన్స్, రెండో భాషలో రోజువారీ మాటలకు రెండేళ్లు పడితే, చదువుకు కావలసిన భాషకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని 1981లోనే రాశారు. మాకు పదకొండు నెలలకే తీర్పు ఇచ్చేశారు.

అన్నిటికన్నా నన్ను కాల్చింది ఏమిటంటే, ఆ రెండు వాక్యాలు రాసిన ఉపాధ్యాయిని ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. మా అమ్మతో గుళ్లో పలకరింపులన్నీ తెలుగులోనే. ఆమెకు చేట అంటే తెలియదా? తెలిసే ఇంటూ పెట్టింది. ఎవరో ఒడియా ఆవిడ పెట్టి ఉంటే, పాపం తెలియదులే అనుకునేదాన్ని.

ఈ మంట నాకు కొత్తది కాదు. 1991లో ఉపాధ్యాయ శిక్షణ కోసం మహేంద్రతనయ నది దాటి ఆంధ్ర వైపు వెళ్లాను. మౌఖిక పరీక్షలో పిల్లలను "ధాడిలో నిలబెట్టి" అన్నాను. పరీక్షకులు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. "మీది ఒడియా తెలుగు. పదసంపద తక్కువ" అని ఒకాయన నా ఎదుటే రాసుకున్నాడు. సీటు రాలేదు. బయటికొచ్చి పాతపట్నం బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అక్కడ నా ఒడియా మాట లెక్కకు రాలేదు, ఇక్కడ మా పిల్ల తెలుగు మాట లెక్కకు రాలేదు. ఏటికి అటూ ఇటూ మాకు ఉన్న మాటల్లో సగం తీసి పారేసి, మిగిలిన సగం చూపించి మాకు మాటలు లేవంటారు.

అదీ ఏ ఊళ్లో! గిడుగు రామమూర్తి గారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరిన ఊళ్లో. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని, తాను ముందు సవర నేర్చుకున్న మనిషి. ఆ భాషకు పుస్తకాలు రాసిన మనిషి. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే సహించలేక, 1936లో ఆ రాష్ట్రం ప్రారంభమయ్యే రోజు ఉదయమే ఊరు విడిచి ఏరు దాటారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేసి ఉపన్యాసాలు ఇస్తాం. ఆయన చేసిన పనిలో ఒక్క పిసరు ఆ కాగితం రాసిన చేతికి అంటలేదు. ఒడిశా ప్రభుత్వమే 2007లో సవరతో సహా పది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టింది. మంచి పని, చేసినవాళ్లకు దండం పెడతాను. ఇంటి భాషతో చదువు నిలబడుతుందని ఒప్పుకున్న రాష్ట్రంలోనే మా ఇంటి భాషను తగ్గించమంటారా?

నిన్న రాత్రి అన్నం తింటూ బుజ్జి గొంతు తగ్గించి అడిగింది: "అత్తా, పప్పు అంటే తెలుగా? అనవచ్చా?" మా అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

రాయగడ, గుణుపురం, బరంపురంలో ఉన్నవాళ్లూ, మీ పిల్లల చేతికి ఇలాంటి కాగితం వస్తే సంతకం పెట్టకండి. అవే బొమ్మలు రెండు భాషల్లోనూ అడిగి, రెండు లెక్కలూ దాని మీదే రాసి పంపండి. మా కాగితం మీద 16 పక్కన 31, 38, 25 నల్ల సిరాతో రాశాను. రేపు పొద్దున నేనే తీసుకెళ్తున్నాను. ఆ రెండో వాక్యం కొట్టేసేదాకా దాని మీద మా తమ్ముడి సంతకం ఉండదు.