క్యారెక్టర్ షీట్ గారికి, అమలాపురం నుంచి ఒక డీఎం (అంటే ఆట నడిపేవాడు) రాయునది

క్యారెక్టర్ షీట్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే తలా ఒక పాత్ర కట్టి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. అది ఆడాలంటే ముందు పాత్ర వివరాలు రాసే కాగితమైన మిమ్మల్ని నింపాలి. అందులో మాకేం పేచీ లేదండి. బలం, చురుకు, ఒంటి గట్టితనం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గడులు ఇచ్చారు. నాలుగు పాచికలు వేసి, తక్కువ పడ్డది పక్కనపెట్టి, మిగతా మూడూ కూడుకోమన్నారు. కూడుకున్నాం. 10 వస్తే మామూలు మనిషి అన్నారు, సరే అన్నాం. నా గొడవల్లా రెండో పేజీలో 'బ్యాక్‌స్టోరీ', అంటే పాత్ర పూర్వకథ, అని మీరు వదిలేసిన ఆ ఖాళీ డబ్బాతోనే.

మా బల్ల దగ్గర ఐదుగురు ఆటగాళ్లు. ఐదుగురూ ఆ డబ్బాలో అమ్మానాన్నల్ని చంపేశారు. ఒకడి ఊరు డ్రాగన్ తగలబెట్టింది. ఇంకొకడి వాళ్లని ఆర్క్‌లనే రాక్షసులు నరికేశారు. మూడోవాడు బద్ధకస్తుడు, 'ఎలా పోయారో గుర్తులేదు' అని రాసి చేతులు దులుపుకున్నాడు. అందరూ ఒంటరివాళ్లే. అందరికీ మొహం మీదికి లాక్కున్న నల్ల ముసుగే. కథ సత్రంలో మొదలవుతుంది, ఎక్కడ కూర్చుంటారు అంటే ఐదుగురూ మూలబల్లే అడిగారు. సత్రానికి నాలుగే మూలలండి.

ఇది రాసినవాళ్లు ఎవరనుకున్నారు? రావులపాలెంలో అరటిగెల బేరమాడుతుంటే వెనకనుంచి "నువ్వు ఫలానావాళ్ల అబ్బాయివి కదూ" అంటూ ఒక మావయ్య పుట్టుకొచ్చే కోనసీమవాళ్లు. మా బావ తన దొంగ పాత్ర తరఫున "ఈ లోకంలో నాకెవరూ లేరు" అని గొంతు బొంగురు చేసి చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే మా అత్త పెసరట్ల పళ్లెంతో మేడెక్కి వచ్చి, "రేపు పొద్దున్నే రాజోలులో బారసాలరా, ఆ రాక్షసులెవరో వాళ్లని తొందరగా చంపేసి పడుకోండి" అంది. అల్లం చట్నీ ఆయన విషాద గతం మీద ఒలికింది. ఆ మరక ఇంకా మీ మీదే ఉంది, చూసుకోండి.

ఇక వృత్తుల సంగతి. 1974లో ఈ ఆట పుట్టినప్పుడు మూడే ఉండేవి: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్. 2014 నాటి ఐదో ఎడిషన్‌కి అవి 12 అయ్యాయి. దేవుణ్ణి తలుచుకుని గాయాలు మాన్పే క్లెరిక్ మొదటి రోజునుంచీ ఉన్నాడు. మావాళ్లు మాత్రం ఆయన్ని కన్నెత్తి చూడరు. "ఎవరో ఒకరు తీసుకుంటారులే" అని ఐదుగురూ అనుకున్నారు, ఎవరూ తీసుకోలేదు.

లెక్కలవాడు ఒకడున్నాడు. భోగికి ఏ రంగు పుంజు గెలుస్తుందో, డేగా కాకా నెమలా అని కుక్కుట శాస్త్రం తిరగేసినట్టు రూల్ పుస్తకం తిరగేసి, తెలివికి 18 పెట్టి మాంత్రికుణ్ణి తయారుచేశాడు. ఒంటి గట్టితనానికి మిగిలింది 8. మాంత్రికుడికి మొదటి లెవెల్లో 6 ప్రాణాలు, 8 ఉన్నందుకు ఒకటి కోత, వెరసి 5. గోబ్లిన్ అనే పొట్టి రాక్షసుడి కత్తి సగటు దెబ్బ ఎంతో తెలుసా? సరిగ్గా 5. మొదటి గుహ, మొదటి గోబ్లిన్, పడిపోయాడు. పడ్డవాడు తన వంతు వచ్చినప్పుడల్లా 20 ముఖాల పాచిక వేయాలి, మూడుసార్లు 10కి తక్కువ పడితే ప్రాణం పోతుంది. క్లెరిక్ లేకపోయినా పక్కవాడెవడైనా వెళ్లి, వివేకం మీద పాచిక వేసి, 10 తెచ్చుకుంటే ప్రాణం నిలబెట్టొచ్చు. మిగతా నలుగురూ ఏమన్నారో తెలుసా? "మా క్యారెక్టర్ అలాంటివాడు కాదు." అవును మరి, ఒంటరివాళ్లు కదా! మాంత్రికుడు పోయాడు. లెక్కలవాడు రెండో పెసరట్టు అడిగాడు.

నన్నడిగితే మావాళ్లు పుట్టుకతోనే బార్డులు, అంటే పాటతో, మాటతో మంత్రం వేసేవాళ్లు. బార్డుకి 'విషస్ మాకరీ' అని ఒక మంత్రం ఉంది. 60 అడుగుల దూరంనుంచి ఒక మాట అంటే చాలు, శత్రువు మనసుకి గాయమవుతుంది. పైగా వాడి తర్వాతి దెబ్బకి రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. ఎన్నిసార్లు వాడినా అయిపోదు. ఈ విద్య మా వీధి అరుగుల మీద చిన్నప్పుడే ఒంటపడుతుంది, లెవెల్‌తో పనిలేదు. "ఆయ్, తమరేనా డ్రాగన్ గారు? ఇంకా పెద్దగా ఉంటారనుకున్నామండి" అంటే ఏ డ్రాగన్ తట్టుకుంటుంది చెప్పండి? ఒక్కడూ బార్డుని ఎంచుకోలేదు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

ఆఖరికి నేనే ఒక నియమం పెట్టాను. ఈసారి రాసే ప్రతి పాత్రకీ బతికున్న చుట్టాలు ఉండాలి, వాళ్లలో ఒకరు ఈ గుంపులోనే ఉండాలి. మొదట మొహాలు మాడ్చారు. తర్వాత బావ కలం తీశాడు. ఇప్పుడు ఆయన దొంగకి అమ్మ, నాన్న, పెళ్లీడుకొచ్చిన ఇద్దరు చెల్లెళ్లు, లంకలో బాబాయితో దావాలో ఉన్న మూడెకరాల కొబ్బరితోట ఉన్నాయి. గుహలోకి ఎందుకు దిగుతున్నాడయ్యా అంటే, వకీలు ఫీజుకి. ఆ బాబాయి ఎవరయ్యా అంటే, మా కొత్త క్లెరిక్. దావా తేలేదాకా ఆయన్ని చావనివ్వనంటున్నాడు బావ, సంతకాలు కావాలిట.

సర్వే నంబర్లతో సహా రాయడంవల్ల మీ డబ్బా చాల్లేదు. అదనపు కాగితం ఒకటి పిన్ను చేశాం. స్వీకరించ ప్రార్థన.

ఇట్లు,
ఆట నడిపేవాడు, అమలాపురం