అచ్చు బతకాలి: రంగు మార్చిన రోబో బొమ్మల పక్షాన

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ అంగళ్లలో, రోబోగా మారే కారు కోసం మారాం చేసిన పిల్లల్లో నేనొకణ్ణి. మొదటి రోజు చెయ్యి ఊడేది, రెండో రోజు చక్రం. నలభై దాటాక ఇప్పుడు రోబోలుగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ పాత బొమ్మల రీఇష్యూలు, అంటే పాత అచ్చులోనే మళ్లీ పోసి అమ్మేవి, తెప్పించుకుని అద్దాల బీరువాలో పెట్టుకుంటున్నాను. పై అరలో మూడు జెట్ విమానాలు ఉన్నాయి: బూడిద రంగు స్టార్‌స్క్రీమ్, నీలం థండర్‌క్రాకర్, నలుపు స్కైవార్ప్. మూడోది ఇంటికొచ్చిన రోజు మా అమ్మ చూసి, "ఇది ఇంట్లో ఉండేదే గదరా, రంగు మార్చి మళ్లీ కొంటివా?" అంది. ఒంగోలు స్నేహితులూ ఇదే అడుగుతారు. కాకపోతే వాళ్ల గొంతులో జాలి ఉంటుంది.

జాలి అక్కర్లేదు. ఈ బొమ్మల్లో దాచుకోదగ్గది అచ్చు, అంటే ప్లాస్టిక్ పోసి ఆకారం తెచ్చే మూస. రంగు మార్చి మళ్లీ పోసిన ప్రతిసారీ ఆ అచ్చుకు ఇంకొంత ఆయుష్షు పోసినట్టే. అందుకే రీఇష్యూలు, రీకలర్లు కొనేవాళ్లను రెండో రకం సేకర్తలుగా చూడటం అన్యాయం.

కథ తెలిసిందే. జపాన్‌లో టకారా సంస్థ డయాక్లోన్, మైక్రోమన్ పేర్లతో అమ్ముతున్న బొమ్మలను అమెరికాకు చెందిన హాస్‌బ్రో తీసుకుని, కొత్త పేర్లు పెట్టి, 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్‌గా దించింది. బ్యాటిల్ కాన్వాయ్ అనే లారీ మంచి రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ అయింది. వాల్తర్ పీ38 పిస్తోలు వాళ్ల శత్రువు మెగాట్రాన్ అయింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. "మాది అసలు, 1984 నాటిది" అని గర్వంగా చూపించే బొమ్మ కూడా అంతకుముందే వేరే పేరుతో అమ్ముడైన అచ్చులోంచి వచ్చిందే. మొదటి ట్రాన్స్‌ఫార్మరే రీఇష్యూ అయినప్పుడు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చినదాన్ని నకలు అని ఎట్లా అంటారు?

రంగు సంగతి ఇంకా గొప్పది. నిస్సాన్ ఫెయిర్‌లేడీ కారు అచ్చునే తీసుకోండి. దానికి పోలీసు కారు నలుపు తెలుపులు వేస్తే లెక్క తప్పని ప్రౌల్. వెండి రంగు వేస్తే నోరు మూతపడని బ్లూస్ట్రీక్. కొద్దిపాటి మార్పులతో రేసు కారు రంగులు, 38 అంకె పడితే శత్రువును దారి మళ్లించే స్మోక్‌స్క్రీన్. బ్లూస్ట్రీక్ పేరులో నీలం ఉంది, ప్రచార చిత్రాల్లోనూ నీలమే ఉంది, అంగడికి వచ్చింది మాత్రం వెండి రంగు బొమ్మ. ఆ నీలం బండి కోసం మనుషులు ఏళ్ల తరబడి వెతికారంటే రంగు చిన్న విషయం కాదు. ఆ రోబోల కథల లోకంలో ఒక్కో రంగు ఒక్కో మనిషి.

మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టేటప్పుడు అమ్మ చేసే పనీ ఇదే. మా నాయనమ్మ నాటి రాముడి బొమ్మకు రంగు వెలిస్తే కొత్తగా వేయించి పై మెట్టు మీద పెడుతుంది. అది నాయనమ్మ రాముడు కాదని ఇంతవరకు ఎవరూ అనలేదు.

అవతలివాళ్ల వాదన కూడా చెప్పాలి. ఉక్కు అచ్చు చేయించడానికి బోలెడు ఖర్చవుతుంది, ఉన్నదానిలోనే రంగు మార్చి పోస్తే కంపెనీకి లాభం, మన చిన్ననాటి మమకారాన్ని సొమ్ము చేసుకుంటున్నారు అంటారు. లాభం నిజమే. లాభం లేనిదే ఏ కంపెనీ పాత అచ్చును గోదాములోంచి బయటికి తీయదు. తీసినందుకు నాకు సంతోషం.

ఎందుకంటే ప్లాస్టిక్‌కూ చావుంది. సేకర్తలు భయపడే జబ్బు ఒకటుంది, గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్. మెరుపు పొడి కలిపి పోసిన బంగారు రంగు ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ లోపల పెళుసుబారుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కీలు తిప్పితే అప్పడంలా విరుగుతుంది. పెట్టె విప్పకుండా దాచినా తప్పదు. జపాన్‌లో వచ్చిన బ్లాక్ జరాక్ ఈ జబ్బుకు పేరుపడ్డ బొమ్మ. అది కూడా 1987 నాటి స్కార్పొనాక్‌కు రంగు మార్చిన రూపమే. ఇక తెల్ల బొమ్మలు పసుపెక్కుతాయి, క్రోమ్ పూత రాలిపోతుంది, స్టికర్ల అంచులు లేస్తాయి. తాళం వేసి కాపాడుకుందామనుకున్న ఒరిజినల్ బీరువాలోనే ముసలిదైపోతుంది. అదే అచ్చులో మళ్లీ పోసిన బొమ్మ మాత్రం నిన్న పుట్టినట్టు ఉంటుంది. దాన్ని పిల్లల చేతికి ఇవ్వొచ్చు. కారును రోబోగా మార్చేటప్పుడు ఆ "టక్" మనే చప్పుడు నలభై ఏళ్ల కిందటి పిల్లవాడు విన్నదే.

మన దేశంలో ఇవి తెప్పించుకోవడం మాత్రం గండమే. ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. పిల్లల భద్రత కోసం ఆ నియమం ఉండాల్సిందే. పెద్దవాళ్లు అలమరలో పెట్టుకునే బొమ్మలకు వేరే దారి చూపాలని మాత్రం గట్టిగా అడుగుతున్నాను.

అచ్చు అంటే ప్రకాశం జిల్లావాళ్లకు ఇంకోటి గుర్తుకు రావాలి. పెద్దలు పోయినప్పుడు వాళ్ల పేరు మీద మేలైన కోడెదూడను ఎంచి, ఒంటిమీద అచ్చు వేసి ఊరికి వదిలేవాళ్లు. అది ఏ చేలో మేసినా కొట్టేవాళ్లు కాదు, ఊరి మందకంతా అదే ఆంబోతు. ఒంగోలు జాతి తరతరాలుగా నిలబడింది ఆ ఏర్పాటు మీదే. ట్రాక్టర్లు వచ్చాయి, జెర్సీ సంకరం వచ్చింది, జొన్న వేసే చేలల్లోకి పొగాకు వచ్చింది. అచ్చోసిన ఆంబోతు తిట్టుగా మిగిలింది. బ్రెజిల్‌వాళ్లు ఆ జాతిని తీసుకెళ్లి నెలోర్ అని పిలుచుకున్నారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే కదా, ఆ పేరు అట్లా పోయింది. అక్కడ రంగు మారలేదు, పేరే మారింది. ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల్లో పెద్ద వాటా నెలోర్‌దే. మనమేమో ఒంగోలు గిత్తను సంక్రాంతి పోటీల్లో చూసి, ఫొటో తీసుకుని ఇంటికి వస్తున్నాం. ఒంగోలు జాతిని పెంచే చదలవాడ పశుక్షేత్రం ఉన్నా, అక్కడి కోడెలు ఊరూరికీ చేరి మందల్లో తిరగాలి. పోస్టర్ మీద గిత్త బొమ్మ వేస్తే జాతి నిలవదు. బీరువాలో తాళం వేసిన ఒరిజినల్ కూడా అంతే.

నేను నాలుగో జెట్ కోసం చూస్తున్నాను. పసుపు రంగు సన్‌స్టార్మ్, అదే అచ్చు. ఈసారి అమ్మకు ముందే చెప్పాను. కొలువులో మూడో మెట్టు మీద కాస్త చోటు ఉంచుతానంది.