కంట్లో ఉల్లి, అల్లం, నిమ్మ చుక్కలు: "మంట వస్తేనే పని చేస్తున్నట్టు" అనేది అబద్ధం

తెల్ల ఉల్లిపాయ రసం, అల్లం రసం, నిమ్మరసం, తేనె కలిపి రోజూ కంట్లో చుక్క వేసుకుంటే కళ్ళజోడు పోతుంది, శుక్లం కరుగుతుంది, కంట్లో పెరిగిన కండ కూడా పోతుందని ఒక మెసేజ్ ఫ్యామిలీ గ్రూపుల్లో ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంది. పైగా "మంట పుడుతుంది, భయపడొద్దు, మంట వస్తేనే మందు పని చేస్తున్నట్టు, నీళ్ళతో పాటు లోపలి వేడి, చెత్త బయటికి పోతాయి" అని ధైర్యం చెప్తారు. నాకు భయం వేసేది ఈ ధైర్యం చూసే, కన్ను ఆపమని మొత్తుకుంటుంటే ఆపొద్దని చెప్పడం కదా ఇది.

ముందు ఆ మంట సంగతి చూద్దాం. కంటి పైపొర కణాల్లో, అక్కడి నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే ఛానెల్ (కణం గోడలో తెరుచుకుని మూసుకునే చిన్న తలుపు లాంటిది) ఉంటుంది, దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకుంటుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ టీమ్ దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది కూడా దీని వల్లే. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ కూడా దీన్నే తెరుస్తుంది, అందుకే కారం చెయ్యి కంట్లో పెట్టుకుంటే నిజంగా కాలినట్టే అనిపిస్తుంది, కంటి పైపొర మాత్రం మామూలు 34 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇప్పుడు ఆ రెసిపీ చూడండి. అల్లం ఘాటు ఇదే ఛానెల్‌ని తెరుస్తుంది. పులుపు కూడా తెరుస్తుంది, కన్నీటి పీహెచ్ 7.4 దగ్గర ఉంటే నిమ్మరసం 2 నుంచి 2.5 మధ్య ఉంటుంది (పీహెచ్ ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ). ఇక ఉల్లిపాయ కోస్తేనే ఏమవుతుందో అందరికీ తెలుసు, అలాంటిది రసం నేరుగా కంట్లోనా?

"లోపలి వేడి బయటికి పోతుంది" అన్నదైతే పూర్తిగా తలకిందులు. బయటికి పోయేది ఏమీ లేదు, లోపలికి వచ్చేదే ఉంది, అది కాల్షియం. కణం లోపలికంటే బయట కాల్షియం దాదాపు పదివేల రెట్లు ఎక్కువ, ఛానెల్ తెరుచుకోగానే లోపలికి దూసుకొస్తుంది, ఎముకలకి మంచిదని పాలు తాగే లెక్క కాదు ఇది, కణానికి ప్రమాదం వచ్చిందనే సిగ్నల్. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) కణాలు దానికి స్పందించి ఐఎల్-6, ఐఎల్-8 లాంటి వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి, దాంతో వాపు, ఎరుపు. కారే నీళ్ళు కూడా చెత్త కాదు, ఆ రసాన్నే కడిగేయాలని కన్ను పడే తిప్పలు. అలాగని ఈ ఛానెల్ చెడ్డదేం కాదు, పైపొర మీద గాయం మానడానికి కూడా సాయపడుతుంది, కానీ రోజూ దాన్ని రెచ్చగొట్టడం వైద్యం అవ్వదు.

అన్నిటికంటే బాధ కలిగించేది కండ గురించి చెప్పే మాట. ఎండలో పనిచేసే రైతులకి, చేపలు పట్టేవాళ్ళకి ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదకి పాకే ఆ కండ (టెరీజియం) ఎక్కువగా వస్తుంది, ఎండలోని యూవీ దానికి పెద్ద కారణం. 2016లో జర్మనీ పరిశోధకులు ఆరోగ్యమైన కంటి పొర కణాల్ని, కండ కణాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే కండ కణాల్లో టీఆర్‌పీవీ1 పని ఎక్కువగా ఉంది, రక్తనాళాల్ని పెంచే వీఈజీఎఫ్ తగిలితే కాల్షియం కూడా ఎక్కువ ఎక్కింది. అది ల్యాబ్‌లో కణాల మీద చేసిన పని, నిజమే, అయినా అది చూపించే దారి ఈ ఛానెల్‌ని అణచమనేగానీ ఇంకా రెచ్చగొట్టమని కాదు. కండ చూపుకి అడ్డొస్తే ఆపరేషన్ చేసి తీస్తారు, చుక్కలతో కరగదు.

శుక్లం కంటి లోపలి లెన్స్‌లో వస్తుంది, పైన వేసిన ఉల్లి రసంతో అది తేటపడదు. కళ్ళజోడు కూడా అంతే, కనుగుడ్డు పొడవు, కార్నియా వంపు రసాలతో మారవు. తేనె మాటకొస్తే, స్టెరైల్‌గా (క్రిములు లేకుండా) తయారుచేసిన తేనె డ్రాప్స్ ఉన్నాయి గానీ వంటింటి సీసాలో తేనె స్టెరైల్ కాదు, మంటతో రేగిన పైపొర మీద బ్యాక్టీరియా, ఫంగస్ చేరితే కార్నియాకి పుండు పడుతుంది.

ఇప్పటికే వేసుకుంటున్న వాళ్ళు ఈరోజే ఆపేయండి. ఇప్పుడే వేసుకుని మండుతుంటే శుభ్రమైన నీళ్ళతో కనీసం పావుగంట కడగండి, రుద్దొద్దు. నొప్పి తగ్గకపోయినా, చూపు మసకేసినా, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపించినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఏం వేసుకున్నారో దాచకుండా చెప్పండి, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం తెచ్చుకోవద్దు, అది ఫంగస్ పుండు అయితే ఇంకా ముదురుతుంది.